జేబుదీపాల చరిత్ర – నిత్యం వెంట ఉంచుకోవలసిన టార్చిలైటు

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించారని, అంటే సగటున ఏడాదికి 58 వేల మంది అని, 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. ఆ మరణాలలో దాదాపు సగం జూను నుంచి సెప్టెంబరు వరకు, అంటే వానకాలంలోనే సంభవించాయి. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కట్లపాము రాత్రివేళ ఇంటిలోనికి వచ్చి నేలపై పడుకొన్నవారిని కాటు వేస్తుంది. రక్తపింజర పొలంగట్ల మీద, గడ్డివాముల పక్కన కదలక పడి ఉండి, తొక్కినవారిని కరుస్తుంది. విషానికి విరుగుడు ఇవ్వడం ఆసుపత్రి పని. పాదం పాము మీద పడకుండా చూసేది మాత్రం చేతిలోని దీపం. రాత్రి మూత్రవిసర్జనకు లేచి, గడప తట్టుకొని పడి, తుంటి ఎముక విరగగొట్టుకొనే వృద్ధుల విషయం కూడా ఇటువంటిదే. అందుచేత టార్చిలైటు గురించి వైద్యుడు వ్రాయడంలో ఆశ్చర్యపడవలసినది లేదు.

ఈనాడు దొరికే మేలైన జేబుదీపాలలో గోరంత కంప్యూటరు ఒకటి ఇమిడి ఉంటుంది. మీట నొక్కగానే ఎంత వెలుగు రావాలో, ఎంతకు మించి రాకూడదో, ఏది అసలే రాకూడదో మనం ముందుగా నిర్ణయించి పెట్టుకోవచ్చు. వీటినే ప్రోగ్రామబుల్ టార్చిలైట్లు అంటున్నారు. వెలిగించడం, ఆర్పడం తప్ప మరొక పని లేని వస్తువుకు ఇంత హంగు ఎందుకు అని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నకు సమాధానం ఈ వస్తువు చరిత్రలో ఉంది.

సెల్లు పుట్టుక

విద్యుద్దీపాలకు పూర్వం చేతిలో పట్టుకొని నడిచే వెలుగంతా నిప్పే. దివిటీ, ఆముదపు దీపం, కిరసనాయిలు బుడ్డి, గాలికి ఆరని లాంతరు, అన్నీ మంటలే. అవి గడ్డిని అంటుకొనేవి, బట్టలను అంటుకొనేవి. వైద్యులకు కూడా ఇదే ఇబ్బంది. 1851లో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలి భాగాన్ని చూపే పరికరాన్ని నిర్మించినపుడు, పక్కన ఉన్న దీపపు వెలుగును గాజుపలకతో రోగి కంటిలోనికి మళ్ళించవలసి వచ్చింది. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీత గురువు తన స్వరపేటికను తానే చూసుకొనడానికి సూర్యకాంతిని అద్దంతో గొంతులోనికి పంపాడు. చెవి, ముక్కు, గొంతు వైద్యులు నుదుటికి కట్టుకొనే గుండ్రని అద్దం ఆనాటి అవసరంలోంచి పుట్టినదే. వెలుగు ఎక్కడో ఉండేది. దానిని అద్దాలతో బతిమాలి రప్పించుకోవలసి వచ్చేది.

ఫ్రాన్సుకు చెందిన జార్జి లెక్లాంషే 1866లో ఒక విద్యుద్ఘటాన్ని రూపొందించాడు. గాజుపాత్రలో నవాసాగరపు ద్రావణం, అందులో తుత్తునాగపు కడ్డీ, మరొక వైపు మాంగనీసు డయాక్సైడుతో చుట్టిన బొగ్గుకడ్డీ. టెలిగ్రాఫు కార్యాలయాలకు అది చక్కగా పనికివచ్చింది గానీ, జేబులో వేసుకొంటే ద్రావణం ఒలికిపోయేది. 1886లో జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్ ఆ ద్రావణాన్ని ప్యారిస్ ప్లాస్టరుతో కలిపి ముద్ద చేసి, తుత్తునాగాన్నే డబ్బాగా మలచి, పొడి ఘటానికి పేటెంటు పొందాడు. ఒలకని విద్యుత్తు ఆ విధంగా చేతికి వచ్చింది. 1896లో అమెరికాలోని నేషనల్ కార్బన్ కంపెనీ కొలంబియా అనే పేరుతో ఆరు అంగుళాల పొడి ఘటాన్ని విపణిలోనికి తెచ్చింది. 1898లో అదే సంస్థ దానిని చిన్నది చేసి, మన ఇళ్ళలో పెద్ద సెల్లు అని పిలుచుకొనే పరిమాణానికి తీసుకువచ్చింది.

నిలువలేని వెలుగు

మిన్‌స్కు నుంచి న్యూయార్కుకు వలస వచ్చి అకీబా హోరోవిట్జ్ అనే పేరును మార్చుకొన్న కాన్రాడ్ హ్యూబర్ట్ అక్కడ విద్యుత్తుతో పనిచేసే చిన్న చిన్న వింత వస్తువులు అమ్మే సంస్థను నడిపేవాడు. అతని వద్ద పనిచేసిన డేవిడ్ మిసెల్ అనే ఆంగ్లేయుడు, కాగితపు గొట్టంలో సెల్లులను వరుసగా పేర్చి, ఒక కొసన బల్బును, దాని వెనుక ఇత్తడి పరావర్తకాన్ని అమర్చాడు. 1899 జనవరి 10న దానికి అమెరికా పేటెంటు లభించింది. ఆ హక్కు హ్యూబర్ట్ సంస్థకు చెందింది. ఆ దీపాలలో కొన్నింటిని న్యూయార్కు పోలీసులకు ఉచితంగా ఇచ్చి, వారి మెప్పును ప్రకటనలకు వాడుకొన్నారు. ఈనాటికీ గొట్టపు టార్చిలైటు రూపం అదే. నూట పాతికేళ్ళుగా ఇంత తక్కువగా మారిన వస్తువులు ఇంటిలో ఎన్ని ఉన్నాయో పాఠకులు ఆలోచించి చూడవచ్చు.

ఆ దీపానికి ఒక పెద్ద లోపం ఉండేది. అది వెలుగుతూ నిలువలేకపోయేది. ఆనాటి బల్బులోని బొగ్గుతీగ విద్యుత్తును విపరీతంగా తాగేది. విద్యుత్తు ప్రవహిస్తున్నకొద్దీ సెల్లులోని బొగ్గుకడ్డీ వద్ద ఉదజని పేరుకొంటుంది. మాంగనీసు డయాక్సైడు దానిని హరిస్తుంది గానీ, ఆ పనికి దానికి సమయం కావాలి. ఆ విరామం ఇవ్వకపోతే వెలుగు క్షణాలలో సన్నగిల్లేది. అందువలన మీటను ఒక్క క్షణం నొక్కి, చూడవలసినది చూసి, వదిలివేసేవారు. అమెరికావారు దానిని ఫ్లాష్‌లైట్ అన్నది ఇందుకే. వారి భాషలో ఫ్లాష్ అంటే తళుక్కున మెరిసి మాయమవడం. బ్రిటనువారు దానిని పాత దివిటీ పేరుతో టార్చి అన్నారు. మనకు బ్రిటనువారి మాట అంటుకొంది గనుక, మనం టార్చిలైటు అన్నపుడల్లా దివిటీదీపం అంటున్నామన్నమాట!

1904లో హంగరీలో టంగ్‌స్టన్ తీగ బల్బుకు పేటెంటు వచ్చింది. తరువాతి కొన్నేళ్ళలో ఆ తీగను సన్నగా సాగదీయడం సాధ్యమయింది. బొగ్గుతీగ కంటె టంగ్‌స్టన్ తీగ అదే విద్యుత్తుతో ఎక్కువ వెలుగునిస్తుంది గనుక, సెల్లుల బలం పెరగకుండానే దీపం నిలబడింది. హ్యూబర్ట్ సంస్థ 1905లో అమెరికన్ ఎవర్ రెడీ కంపెనీ అయింది, 1914 నాటికి పూర్తిగా నేషనల్ కార్బన్ వశమయింది. 1917లో నేషనల్ కార్బన్ మరికొన్ని సంస్థలతో కలసి యూనియన్ కార్బైడ్ ఏర్పడింది.

మన ఇంటికి వచ్చిన దీపం

భారతదేశంలో 1934లో కలకత్తా కేంద్రంగా ఎవరెడీ కంపెనీ నమోదయింది. అదే తరువాతి కాలంలో యూనియన్ కార్బైడ్ ఇండియా అయింది. ఊరూరా కిరాణా కొట్లలో ఎర్ర సెల్లులు అమ్మిన ఆ సంస్థదే భోపాలులోని క్రిమిసంహారక మందుల కర్మాగారం కూడా. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి అక్కడ విషవాయువు వెలువడి వేలాది మందిని బలిగొంది. ఆ కథ వేరు. కానీ సెల్లుల చరిత్ర వ్రాస్తూ దానిని దాటి పోవడం నాకు న్యాయం అనిపించదు. 1990లలో సంస్థ చేతులు మారి, మళ్ళీ పాత ఎవరెడీ పేరు పెట్టుకొంది. అలహాబాదులో తయారయిన జీప్ టార్చిలు, మన నెల్లూరు కర్మాగారం నుంచి వచ్చిన నిప్పో సెల్లులు కూడా ఆనాటి తెలుగువారికి సుపరిచితాలే.

రెండు సెల్లుల టార్చి ఇంటికి, మూడు సెల్లుల టార్చి పొలానికి. గొట్టం అడుగుమూత లోపల అదనపు బల్బు ఒకటి ఉండేది. బలం తగ్గిన సెల్లులను ఎండలో పెట్టి మరి రెండు రోజులు లాగించేవారు. ఎక్కువకాలం లోపల ఉంచితే అవి చెమ్మగిల్లి, తెల్లని పొడి కక్కి, ఇత్తడిని తినివేసేవి. ఇంతా చేస్తే ఆ రెండు సెల్లుల టార్చి ఇచ్చిన వెలుగు సుమారు 10 ల్యూమెన్లు మాత్రమే. ఒక కొవ్వొత్తి అన్ని దిక్కులకు వెదజల్లే మొత్తం వెలుగు కూడా 12 ల్యూమెన్ల ప్రాంతమే. కాకపోతే టార్చి ఆ వెలుగునంతటినీ ఒకే వైపు చూపుతుంది. వ్యవసాయానికి కరెంటును రాత్రివేళల్లో ఇచ్చిన సంవత్సరాలలో మోటారు వేయడానికి గట్ల వెంట నడిచిన రైతులకు ఆ పది ల్యూమెన్లే దిక్కు. అర్ధరాత్రి పాముకాటుతో వచ్చినవారిని మీ చేతిలో దీపం ఉందా అని అడిగితే, సెల్లులు అయిపోయాయి అనే సమాధానం మా తరం వైద్యులు చాలాసార్లు విన్నారు.

వైద్యుల జేబులోనికి ఇదే దీపం కలం రూపంలో వచ్చింది. రాబర్ట్ మార్కస్ గన్ అనే స్కాట్లండు నేత్రవైద్యుడు 1902లో, దెబ్బతిన్న దృష్టినాడి గల కంటిలో కనుపాప వెలుగుకు ముడుచుకొని నిలువలేక మళ్ళీ విప్పారుతుందని వర్ణించాడు. 1959లో లెవాటిన్ అనే వైద్యుడు ఆ లోపాన్ని కనిపెట్టడానికి టార్చిలైటును ఒక కంటి నుంచి మరొక కంటికి ఊపుతూ చూసే పరీక్షను వివరించాడు. లక్షల రూపాయల యంత్రాలు వచ్చిన తరువాత కూడా ఆ పరీక్షకు విలువ తగ్గలేదు. అయితే దానికి ఒక నియమం ఉంది. రెండు కళ్ళపై పడే వెలుగు ఒకేలా ఉండాలి. పరీక్ష మధ్యలో సెల్లు నీరసిస్తే మంచి కన్ను చెడ్డదిగా, చెడ్డ కన్ను మంచిదిగా కనబడవచ్చు. టార్చిలైటులో వెలుగు ఎంత అన్నదానికంటె ఎంత నిలకడ అన్నది ముఖ్యమని వైద్యవిద్యార్థి ఇక్కడే నేర్చుకొంటాడు.

వెలుగు ఎక్కువైన కాలం

1962లో నిక్ హోలోన్యాక్ ఎర్రని ఎల్‌ఈడీని వెలిగించాడు. తెల్లని వెలుగుకు నీలిరంగు కావాలి. అది మూడు దశాబ్దాలు మొండికేసింది. అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు జపాను శాస్త్రవేత్తల కృషితో 1990ల తొలినాళ్ళలో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ సాధ్యమయింది. నకమురా పనిచేసిన నిచియా సంస్థ, నీలి ఎల్‌ఈడీపై పసుపుకాంతినిచ్చే పూత పూసి, 1996లో తెల్లని ఎల్‌ఈడీని విపణిలోనికి తెచ్చింది. ఆ ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. దాదాపు అదే కాలంలో, 1991లో, సోనీ సంస్థ లిథియం అయాను సెల్లును అమ్మకానికి పెట్టింది. ఈ రెండు ఒకే గొట్టంలో కలసినపుడు హ్యూబర్ట్ నాటి లోపం తలకిందులయింది. బొటనవేలంత దీపం 1000 ల్యూమెన్లు కురిపించసాగింది. వెలుగు చాలకపోవడం పాత సమస్య. వెలుగు మరీ ఎక్కువ కావడం కొత్త సమస్య.

వెలుగు ఎక్కువైతే నష్టమేమిటి అన్న ప్రశ్నకు కంటి నిర్మాణమే జవాబు. దృష్టిపటలంలో మసకవెలుగులో చూడడానికి దండకణాలు, పగటివెలుగులో రంగులు చూడడానికి శంకుకణాలు ఉంటాయి. దండకణాలలోని రొడాప్సిన్ అనే వర్ణకం వెలుగు తగిలితే విచ్ఛిన్నమవుతుంది. చీకటిలో అది పూర్తిగా సమకూరడానికి సుమారు అరగంట పడుతుంది. నిద్రలేచినవాడు 1000 ల్యూమెన్ల దీపాన్ని తెల్లగోడపై వేసుకొంటే అరగంట సంపాదన ఒక్క క్షణంలో పోతుంది. దీపం ఆర్పిన వెంటనే అతడు ముందటికంటె గుడ్డివాడు. వృద్ధులకు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. వారి కనుపాప చిన్నబడుతుంది, కటకం పసుపుబారుతుంది. అరవై ఏళ్ళ కంటిలో దృష్టిపటలం చేరే వెలుగు ఇరవై ఏళ్ళ కంటిలో చేరేదానిలో మూడింట ఒక వంతే అని చెబుతారు. అందుచేత వారికి వెలుగు ఎక్కువే కావాలి. కానీ ఆ కటకంలోనే వెలుగు చెదిరి కళ్ళు బైర్లు కమ్ముతాయి గనుక తీక్ష్ణమైన వెలుగు పనికిరాదు. 2002లో దృష్టిపటలంలోని కొన్ని నాడీకణాలు స్వయంగా వెలుగును పసిగట్టి మెదడులోని కాలగడియారానికి కబురు పంపుతాయని స్పష్టమయింది. అవి నీలివెలుగుకు ఎక్కువగా స్పందిస్తాయి. రాత్రివేళ తీవ్రమైన వెలుగుకు మెలటోనిన్ తగ్గి, మళ్ళీ నిద్ర పట్టడం కష్టమవుతుంది.

టార్చిలోనికి కంప్యూటరు రావడానికి మొదటి కారణం మాత్రం కన్ను కాదు, సెల్లు. ఎల్‌ఈడీకి విద్యుత్తును కొలిచి ఇవ్వాలి. లిథియం సెల్లును మరీ అడుగంటనీయకూడదు. దీపం వేడెక్కితే వెలుగు తగ్గించాలి. ఈ పనులకు చిన్న చిప్పు ఒకటి అవసరమయింది. చిప్పు ఉన్నచోట ప్రోగ్రాము ఉంటుంది, ప్రోగ్రాము ఉన్నచోట తయారీదారుల ఉత్సాహం ఉంటుంది. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, ఆపై టకటక మెరుపులు, ఆపై ఆపద సంకేతం అంటూ ఒక వరుస పెట్టి, మీట నొక్కిన ప్రతిసారీ వినియోగదారుని ఆ ఊరేగింపు అంతటిలోనుంచి నడిపించారు. దీపం ఆర్పబోతే కళ్ళలో మెరుపులు కొట్టే టార్చిలు ఇప్పటికీ సంతలలో కోకొల్లలు. ఇది చిరాకు మాత్రమే కాదు. కొన్ని రకాల మూర్ఛవ్యాధి గలవారికి మెరుపులు మూర్ఛను రప్పిస్తాయి. 1997 డిసెంబరు 16న జపానులో పోకెమాన్ కార్టూనులో ఎరుపు, నీలం మెరుపులు వేగంగా మారిన ఒక దృశ్యాన్ని చూసి సుమారు 685 మంది, ఎక్కువగా పిల్లలు, ఆసుపత్రులకు చేరారు. ఇంటిలో మూర్ఛరోగి ఉన్నపుడు ఆ మెరుపులను తొలగించే వీలులేని టార్చిని కొనకూడదని నేను ఖండితంగా చెబుతాను.

ఈ శతాబ్దపు తొలి దశకంలో కొందరు తయారీదారులు, వెలుగుల వరుసను వినియోగదారుడే నిర్ణయించుకొనే టార్చిలను తీసుకువచ్చారు. తరువాత ఔత్సాహికులు చిప్పులోని ప్రోగ్రామును తామే వ్రాసి అందరికీ ఉచితంగా పంచసాగారు. వాటిలో ఆండురిల్ అనేది మిక్కిలి ప్రసిద్ధమైనది. టోల్కీన్ నవలలోని ఒక ఖడ్గం పేరు అది. ఎమిసార్ వంటి కొన్ని సంస్థలు తమ టార్చిలను ఆ ప్రోగ్రాముతోనే అమ్ముతున్నాయి. ఒకసారి నొక్కితే దీపం వెలుగుతుంది, మళ్ళీ నొక్కితే ఆరుతుంది. ఆరి ఉన్నపుడు నొక్కి పట్టుకొంటే అత్యల్పమైన వెలుగుతో మొదలై క్రమక్రమంగా పెరుగుతుంది. కావలసినచోట వేలు తీయవచ్చు. మూడుసార్లు నొక్కితే సెల్లులో ఎంత బలం మిగిలిందో మిణుకులతో లెక్క చెబుతుంది. మూడు మిణుకులు, ఆపై ఏడు అయితే 3.7 వోల్టులన్నమాట. నాలుగుసార్లు నొక్కితే జేబులో పొరపాటున వెలగకుండా తాళం పడుతుంది. ఈ తాళాన్ని చిన్నచూపు చూడరాదు. శక్తిమంతమైన దీపం జేబులో దానంతట అది వెలిగితే గుడ్డ మాడుతుంది, తొడ కాలుతుంది.

ఏది కొనాలి?

కొట్టువాడు ముందుగా చెప్పేది గరిష్ఠ ల్యూమెన్ల సంఖ్య. కొనేవారు ముందుగా అడగవలసినది కనిష్ఠ సంఖ్య. చిన్న టార్చి 1000 ల్యూమెన్లను కొద్ది నిమిషాలకు మించి నిలుపలేదు. వేడికి అదే తగ్గించుకొంటుంది. పెట్టె మీది పెద్ద అంకె ఆ కొద్ది నిమిషాలది మాత్రమే. పడకగదిలో గడియారం చూసుకొనడానికి, నిద్రిస్తున్న బిడ్డకు జ్వరం ఉన్నదేమో చూడడానికి ఒక ల్యూమెను కూడా ఎక్కువే. ఇంటిలో నడవడానికి 10, 20 ల్యూమెన్లు, వీధికి, పొలంగట్టుకు 100 నుంచి 200 వరకు, దూరాన ఏదో కదిలినపుడు క్షణకాలం చూడడానికి అంతకు మించి. నా దృష్టిలో ప్రోగ్రామబుల్ టార్చి ప్రయోజనం చాలావరకు ఇంతే: మొదటి నొక్కుకు ఏ వెలుగు రావాలో మనం నిర్ణయించగలగడం. చివరిసారి వాడిన వెలుగును గుర్తుంచుకొని మళ్ళీ అదే ఇచ్చే టార్చిలు కొందరికి నచ్చుతాయి. నాకు నచ్చవు. నిన్న పొలంలో వాడినవాడు తిరిగి పెట్టిన దీపం నేటి అర్ధరాత్రి అమ్మమ్మ కళ్ళలో పేలకూడదు.

వృద్ధుల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. టార్చి ప్రియులు వెన్నెల అని పిలిచే అతిసన్నని వెలుగు యువకుల కళ్ళకు చక్కగా సరిపోతుంది. డెబ్బయి దాటినవారికి మెట్లు దిగేటపుడు అది చాలదు. వారి టార్చి మొదటి వెలుగును 20, 30 ల్యూమెన్ల వద్ద, పసుపు ఛాయతో, కాంతిపుంజం వెడల్పుగా ఉండేలా పెట్టండి. దూరానికి కొట్టే సన్నని పుంజం నేలపై ఒకచోటనే గుండ్రంగా పడి, దాని పక్కన ఉన్న గడపను చూపదు. ఆండురిల్‌లో సాధారణ పద్ధతి అనేది ఒకటి ఉంది. అందులో మెరుపులు, ఇతర చిక్కుముడులు అందుబాటులో ఉండవు. వెలుగుకు పైహద్దు, కిందిహద్దు మనం పెట్టి ఇవ్వవచ్చు. మనవడు ఒకసారి కూర్చొని సరిచేసి ఇస్తే తాతగారికి మిగిలేది ఒకే మీట, రెండే పనులు. ఇంత నేర్పవలసి రావడం బరువనిపిస్తే, పక్కన తిప్పుడు మీటతో వెలుగు పెంచుకొనే మామూలు టార్చి కొనండి. ఇంటిలో ఒక్కరికే వాడడం తెలిసిన దీపం, కరెంటు పోయినపుడు మిగిలినవారికి లేనట్లే.

వెలుగులోని రంగుల నాణ్యతను కూడా చూడాలి. చవక ఎల్‌ఈడీలలో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. ఆ వెలుగులో మనిషి ముఖం పాలిపోయినట్లు, పెదవులు నీలిబారినట్లు కనిపిస్తాయి. దద్దుర్ల ఎరుపు, గాయంలోని రక్తం సరిగా తెలియవు. ఎండుటాకుల మీద పడి ఉన్న రక్తపింజర గోధుమరంగు మచ్చలు కూడా ఆ వెలుగులో నేలలో కలసిపోతాయి. రంగుల సూచిక 90కి మించిన ఎల్‌ఈడీలు గల టార్చిలు దొరుకుతున్నాయి. నిచియావారి 519ఏ అటువంటిది. అదే సెల్లుతో కొంచెం తక్కువ వెలుగు వస్తుంది, ఆ నష్టాన్ని సంతోషంగా భరించవచ్చు. ఎంత మంచి టార్చి అయినా పచ్చకామెర్లను గుర్తించడానికి మాత్రం పగటివెలుగుకు సాటిరాదు. కొన్ని టార్చిలలో ఎర్రదీపం ఉంటుంది. అది దండకణాలను అంతగా బాధించదు గనుక నక్షత్రాలను చూసేవారికి ఉపయోగం. పొలంగట్టుకు అది పనికిరాదు.

సెల్లుల ఎంపికలో పల్లెకు, పట్టణానికి ఒకే సలహా ఇవ్వలేను. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు గల లిథియం సెల్లును 18650 అంటారు. అది చాలాకాలం వస్తుంది, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకోవచ్చు. కానీ అయిపోతే కిరాణా కొట్టులో దొరకదు. గోడగడియారంలో వేసే సన్నసెల్లుతో కూడా పనిచేసే టార్చి వెలుగు తక్కువదే అయినా, ఏ ఊరిలోనైనా దానికి ఆహారం దొరుకుతుంది. సెల్లు బయటకు తీయలేని టార్చిలను వీలైనంతవరకు కొనవద్దు. సెల్లుతో పాటు టార్చి మొత్తం పారవేయవలసి వస్తుంది. విడి లిథియం సెల్లును తాళాలు, చిల్లర నాణేలతో ఒకే జేబులో వేసుకోకూడదు. రెండు ధ్రువాలకు లోహం తగిలితే అది మంట పెట్టగలదు. విమాన ప్రయాణంలో విడి సెల్లులను చేతిసంచిలోనే తీసుకువెళ్ళాలి. తాళపుచెవులకు వేలాడే చిట్టిదీపాలలో నాణెం వంటి బిళ్ళసెల్లు ఉంటుంది. పసిబిడ్డ దానిని మింగి అది అన్నవాహికలో చిక్కుకొంటే రెండు గంటలలోనే అక్కడి కణజాలం కాలిపోవచ్చు. మర బిగించిన మూత లేని అటువంటి దీపాలను చిన్నపిల్లలున్న ఇంటిలో ఉంచవద్దు. మింగినట్లు అనుమానం ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

సెల్‌ఫోనులో దీపం ఉండగా మరొకటి ఎందుకు అనేవారు ఉన్నారు. ఫోను దీపం నేలను కొన్ని అడుగుల మేర చూపుతుంది, వర్షంలో దానిని పైకి తీయడానికి మనసొప్పదు. అన్నింటినీ మించి, ఆపద వచ్చినపుడు 108కి పిలవవలసినది ఆ ఫోనే. దాని ఛార్జిని దారి చూడడానికి ఖర్చు చేయడం తెలివైన పని కాదు.

దీపం ఉండి కూడా పాముకాటు పడితే, ఆ దీపంతో పామును వెదకుతూ కాలం వృథా చేయవద్దు. మన ఆసుపత్రులలో ఇచ్చే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి తయారుచేసినదే గనుక పామును చంపి తేవలసిన అవసరం లేదు. కాటుపై కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. కాటు పడిన కాలిని లేదా చేతిని కదలకుండా బద్దకు కట్టి, ఉంగరాలు, కడియాలు తీసి, రోగిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చండి. దారిలో అప్పుడప్పుడు తక్కువ వెలుగుతో ముఖాన్ని చూస్తూ ఉండండి. కనురెప్పలు వాలిపోతూ ఉంటే, మాట ముద్దగా వస్తూ ఉంటే, మింగలేకపోతూ ఉంటే విషం నాడులకు పాకుతున్నదని అర్థం. ఆ సంగతిని, మొదట గమనించిన వేళను, వైద్యునికి చేరగానే చెప్పండి.